వరద రోజులకు కట్టెల పొయ్యి
విజయవాడలో చలి కాచుకోవడానికి పొయ్యి అవసరం లేదు, వరదకు కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కరెంటు లేక ఇండక్షన్ స్టవ్వులు మూలన పడ్డాయి. అందుకే డాబా మీదికి ఒక్కరే మోసుకెళ్లగలిగే ఇనుప పొయ్యి ఒకటి కొని పెట్టుకోండి.

కొనేముందు లోపలికి తొంగి చూడండి. కట్టెలు ఆనే చోట జల్లెడ లాంటి ఇనుప పళ్లెం, దాని కింద గాలి దూరే సందు ఉండాలి. అవి లేనిదానిలో మంట తక్కువ, పొగ ఎక్కువ. రేకు మరీ పలచనైతే వేడికి వంగిపోతుంది. రంగు చూసి మోసపోకండి, నాలుగు మంటలకు అదెలాగూ పోతుంది.

సరుగుడు కట్టెలు జానెడు ముక్కలుగా కొట్టించి, బాగా ఎండబెట్టి, పై అంతస్తులో దాచండి. అగ్గిపెట్టెను మూత బిగుతైన సీసాలో ఉంచండి. వాన పడుతోందని గది తలుపులు మూసి మాత్రం వెలిగించవద్దు. మంట నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. గాలి ఆడే వరండాలోనే వండుకోండి.