హుడ్ పెట్టుకునే ముందు: హెలికాప్టర్ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ జాగ్రత్తలు

బయట ఏమీ కనిపించకున్నా మీటర్లు చూసి ఎగరడానికి కావాల్సిన అర్హతే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్. వందల గంటలు హెలికాప్టర్ నడిపినవాళ్లకే ఈ శిక్షణ మొదట్లో ఎక్కువ చికాకు పెడుతుంది. ఇన్నాళ్లూ బయటికి చూస్తూ, ఒంటికి తెలిసినదాన్ని బట్టి నడిపాం. హుడ్ (బయటిది కనపడకుండా కళ్లకు పెట్టుకునే అడ్డు) పెట్టుకోగానే మొదటిది పోతుంది, రెండోది అబద్ధం చెబుతుంది.

మూడో పాఠంలో, ఎడమ మలుపులో ఉండగా నా పెన్ను కింద పడింది. వంగి తీసుకుని తలెత్తేసరికి కుడికి ఒరిగిపోతున్నట్టు అనిపించి సైక్లిక్‌ని (హెలికాప్టర్‌ని వంచే కర్రని) ఎడమకు నెట్టాను. 15 డిగ్రీలుండాల్సిన వంపు 30 దాటింది. మలుపులో తల ఒక్కసారిగా కదిపితే లోపలి చెవిలోని ద్రవం చేసే మాయ అది. పెన్నుని దారంతో మోకాలి బోర్డుకు కట్టుకోండి. రేడియో ఫ్రీక్వెన్సీ మార్చేటప్పుడు తల కాకుండా కళ్లు తిప్పండి.

ఒక్క మీటర్‌నే చూస్తూ ఉండిపోకండి. ఎత్తు 100 అడుగులు తగ్గిందని ఆల్టీమీటర్‌కు అతుక్కుపోతే ఈలోగా హెడింగ్ (ముక్కు ఉండాల్సిన దిశ) పోతుంది. ఏది చూసినా చూపు మళ్లీ వంపు చూపించే ఆటిట్యూడ్ ఇండికేటర్‌కే రావాలి. కలెక్టివ్ (పైకి, కిందికి తీసుకెళ్లే లివర్) కదిపినప్పుడు, బయటికి చూస్తుంటే దానంతటదే పనిచేసే కాలు హుడ్ కింద ముక్కుని నిలిపే పెడల్‌ని మర్చిపోతుంది. కొంచెం మార్చి, ఆగి, చూడండి.

అమెరికా నిబంధనల్లో 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ అనుభవం కావాలి, అందులో కనీసం 15 అర్హతగల శిక్షకుడితో. దానితోపాటు కావాల్సిన క్రాస్ కంట్రీ (ఒక చోటి నుంచి దూరంగా మరో చోటికి ఎగిరిన) గంటలు చాలామందికి ముందే ఉంటాయి కాబట్టి తీరిగ్గా చేద్దామనిపిస్తుంది. వారానికొక పాఠమైతే సగం సమయం మర్చిపోయింది గుర్తు తెచ్చుకోడానికే సరిపోతుంది. హోల్డింగ్ (గాల్లో నిర్ణీత చోట చుట్లు తిరుగుతూ ఆగడం), అప్రోచ్‌లు (మీటర్లు చూస్తూ దిగే దారిలోకి రావడం) సిమ్యులేటర్‌లో నలిగాకే ఇంజిన్ స్టార్ట్ చేయండి.

ఇక రేటింగ్ చేతికొచ్చాక. అసలు టెన్షన్ పడాల్సింది ఇక్కడే. రాబిన్సన్ ఆర్44 లాంటి చిన్న హెలికాప్టర్‌లో హుడ్ కింద నేర్చుకోవచ్చు కానీ మబ్బులోకి వెళ్లడానికి దానికి అనుమతి లేదు. అనుమతి ఉన్నవాటికీ ఒక కనీస వేగం ఉంటుంది, అంతకంటే తగ్గితే స్థిరత్వం పోతుంది. కానీ కంగారు పడితే వేగం తగ్గించి హోవర్‌లో (గాల్లో ఒకే చోట) ఆగుదామనడం మనకు అలవాటు. మబ్బులో ఆ అలవాటే ప్రాణం తీస్తుంది.

2020 జనవరిలో కాలిఫోర్నియాలోని కలాబాసస్ దగ్గర సికోర్‌స్కీ ఎస్-76బి కూలి 9 మంది చనిపోయారు. పైలట్‌కు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉంది. చూపు మీద ఆధారపడి ఎగురుతూనే మబ్బులోకి వెళ్లి దిక్కు తెలియకుండా పోయాడని దర్యాప్తు తేల్చింది. అందుకే ఎంత ఎత్తులో, ఎంత దూరం కనిపించకపోతే వెనక్కి తిరగాలో నేల మీదే కాగితంపై రాసుకోండి. నీరు గడ్డకట్టే మట్టం ఎంత ఎత్తులో ఉందో చూడండి, చిన్న హెలికాప్టర్లకు మంచు నుంచి రక్షణ ఉండదు.

రేటింగ్ పాతబడకుండా ఉండాలంటే 6 నెలల్లో 6 అప్రోచ్‌లు, హోల్డింగ్, ట్రాకింగ్ (మీటర్లు చూపే దారి పట్టి వెళ్లడం) చేసుండాలి. గడువు దాటితే బయట చూసే సేఫ్టీ పైలట్‌ని పక్కన పెట్టుకుని మళ్లీ హుడ్ కిందికే. నేనైతే క్యాలెండర్‌లో నాలుగో నెలకే గుర్తు పెట్టుకుంటాను.