కొండ లోయలో ఏటి పక్క నేల లోపల ఎంత తడిగా ఉంటుందో ఎలా కనిపెట్టాలి?

నార్త్ కరోలినా పడమటి కొండల్లో టకసీజీ లాంటి నది పక్కన చదునుగా, పచ్చగా ఒక రెండెకరాలు కనపడితే ఎవరికైనా మనసు లాగుతుంది. చుట్టూ అంతా ఏటవాలే కదా, ట్రాక్టర్ తిప్పగలిగే చదును నేల అక్కడ ఎక్కువగా నది పక్కనే దొరుకుతుంది. షార్లెట్, రాలీ వైపు నుంచి వీకెండ్‌కి వెళ్ళి ల్యాండ్ చూసే మనవాళ్ళు చాలావరకు అక్టోబర్‌లో, ఆకులు రంగు మారే టైంలో వెళ్తారు, అప్పుడు ఆ నేల పొడిగా, గుల్లగా, చేత్తో పిసికితే పొడి పొడిగా రాలుతూ అబ్బ ఎంత బంగారం లాంటి మట్టో అనిపిస్తుంది. అదే చోట ఫిబ్రవరిలో రెండడుగులు తవ్వండి, గుంటలో నీళ్ళు నిలబడి ఉంటాయి.

అక్కడి సాయిల్ సర్వేలో ఇలాంటి నేలకి బాగా తెలిసిన ఉదాహరణ కలోవీ అనే రకం, జాక్సన్ కౌంటీలో వెస్టర్న్ కరోలినా యూనివర్సిటీ ఉన్న ఊరి పేరే దీనికి పెట్టారు. అమెరికా వ్యవసాయ శాఖ నేల ఎంతకాలం, ఎంత పైదాకా తడిగా ఉంటుందనే దాన్నిబట్టి నేలల్ని 7 తరగతులుగా చేసింది, బాగా పొడి వైపు నుంచి లెక్కపెడితే ఇది ఐదోది, అంటే బురద కాదు, చిత్తడి కాదు, అలాగని మంచి మెరక నేలా కాదు. ఈ మధ్య రకంతోనే తంటా, పూర్తిగా జౌకు నేలైతే చూడగానే తెలిసిపోతుంది, ఇది తెలియదు. తెలుసుకోవాలంటే తవ్వాలి, తవ్వి రంగు చూడాలి. ఎలాగో చెప్తా.

స్టెప్ 1: ముందు ఇంట్లో కూర్చుని మ్యాప్ చూడండి

వెబ్ సాయిల్ సర్వే అని ప్రభుత్వ సైట్ ఉంది, ఫ్రీ. అడ్రస్ కొట్టి, మీ స్థలం చుట్టూ గీత గీసి సాయిల్ మ్యాప్ నొక్కితే నేల రకాల పేర్లు వస్తాయి. ఏటి పక్క ముక్కల్లో మీకు కనపడే పేర్లు కలోవీ, రాస్మన్, రెడ్డీస్, డెల్‌వుడ్, నిక్వాసీ లాంటివి (రెడ్డీస్ చూసి నవ్వకండి, మన రెడ్లకి దానికీ సంబంధం లేదు). ఇందులో రాస్మన్, రెడ్డీస్ కలోవీ కన్నా మెరుగ్గా ఆరతాయి, డెల్‌వుడ్‌లో పైపైనే రాళ్ళు తగులుతాయి, నిక్వాసీ అయితే కలోవీ కన్నా బాగా తడి. ఒకే పొలంలో ఇవన్నీ పక్కపక్కనే ఉండొచ్చు, మ్యాప్‌లో కలోవీ అని ఉన్న చోట కూడా చిన్న చిన్న నిక్వాసీ గుంటలు కలిసే ఉంటాయి, అంత చిన్నవి మ్యాప్‌లో విడిగా గీయరు. కాబట్టి మ్యాప్‌ని నమ్మండి, కానీ దాంతో ఆగిపోకండి.

పనిలో పని ఫీమా (వరదలు, తుఫాన్ల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ ఫ్లడ్ మ్యాప్ కూడా చూడండి. వందేళ్ళ వరద అంటే వందేళ్ళకి ఒకసారి వచ్చేది అనుకుంటారు చాలామంది, అది కాదు, ఏ ఏడాదికి ఆ ఏడాది 1 శాతం ఛాన్స్ అని అర్థం, 30 ఏళ్ళ హోమ్ లోన్ లెక్కలో చూస్తే అది దాదాపు 26 శాతం అవుతుంది. ఆ కొండల్లో 1916 జూలైలో ఒకసారి, 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాన్‌కి ఒకసారి నదులు ఏం చేశాయో అక్కడి వాళ్ళెవర్ని అడిగినా చెప్తారు.

స్టెప్ 2: తవ్వే ముందు ఒక రౌండ్ నడవండి

నదికి దగ్గరైతే తడి, దూరమైతే పొడి అనుకుంటాం కదా, చాలాసార్లు తిరగబడి ఉంటుంది. వరద గట్టు దాటి వచ్చినప్పుడు బరువైన ఇసుక ఒడ్డు మీదే దిగిపోతుంది, అలా ఒడ్డు కొంచెం ఎత్తుగా, ఇసకగా తయారవుతుంది, సన్నటి వండలి మాత్రం లోపలికి వెళ్ళి నెమ్మదిగా దిగుతుంది. దానికి తోడు కొండ అడుగున, లోయ మొదలయ్యే చోట, కొండ మీంచి లోపల్లోపలే దిగిన ఊట బయటికి వస్తుంది. అంటే నదికి దూరంగా కొండకి ఆనుకుని ఉన్న పల్లమే మొత్తం స్థలంలో ఎక్కువ తడి అయ్యే అవకాశం ఉంది, ఇల్లు కట్టడానికి సేఫ్ అని జనం చూపించేది కూడా కొండ వారన ఉన్న ఆ చోటే. పాత కాలవ పూడిపోయిన వంకర గుంటలు కూడా వెతకండి, గడ్డి రంగు మారి ఉంటుంది అక్కడ.

మొక్కలు కూడా చూడండి. గుత్తులు గుత్తులుగా జమ్ము జాతి గడ్డి ఉంటే అక్కడ నీళ్ళు బాగా పైకి వస్తున్నట్టు. రివర్ కేన్ అని సన్న వెదురు కూడా ఈ ఏటి ఒడ్డుల్లో పెరుగుతుంది, చెరకీ వాళ్ళు, అంటే అక్కడి ఆదివాసులు, బుట్టలు అల్లేది దాంతోనే. మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఈ ఒడ్డు నేలల్లో వాళ్ళు తెల్లవాళ్ళు రాకముందు నుంచీ మొక్కజొన్న పండించారు. బ్రైసన్ సిటీ దగ్గర టకసీజీ ఒడ్డున కిటువా అనే వాళ్ళ పాత తల్లి ఊరు ఉండేది, ఆ స్థలాన్ని 1996లో తిరిగి కొనుక్కున్నారు కూడా. అంటే ఈ నేల పనికిరానిది కాదు, దేనికి పనికొస్తుందో తెలియాలి అంతే.

స్టెప్ 3: గుంట తవ్వడం

అమెరికాలో ఎక్కడ తవ్వాలన్నా ముందు 811కి ఫోన్ చెయ్యాలి, గ్యాస్ పైపులు కేబుల్స్ ఎక్కడున్నాయో వచ్చి మార్క్ చేసి వెళ్తారు, కొన్ని వర్కింగ్ డేస్ పడుతుంది కాబట్టి ముందే చెప్పుకోండి. స్థలం ఇంకా మీది కాకపోతే ఓనర్ పర్మిషన్ తీసుకోండి, ఇది కూడా చెప్పాలా అనుకోకండి.

పార, గునపం, ఒక టేపు, నీళ్ళ బాటిల్ చాలు. నాలుగడుగుల లోతు టార్గెట్ పెట్టుకోండి, కానీ కలోవీ నేలలో 20 నుంచి 40 అంగుళాల మధ్యలోనే ఠంగుమని గులకరాళ్ళు తగులుతాయి, అక్కడ ఆగర్ (నేలలోకి తిప్పి దించే బరమా) కూడా దిగదు, మీ తప్పేం లేదు, నేల తీరే అంత. ఒక్క గుంటతో ఆపకండి, ఒడ్డు దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, కొండవారన ఒకటి. తీసిన మట్టిని తీసిన వరసలోనే ఒక టార్పాలిన్ మీద పరుచుకుంటూ పోండి, కుప్పగా పోస్తే ఏ లోతులో ఏం వచ్చిందో ఇక తేలదు.

ఏం వస్తుందంటే, పైన ముదురు గోధుమ రంగు మట్టి, సుమారు పది అంగుళాలు లేదా ఇంకొంచెం ఎక్కువ, మంచి పశువుల ఎరువు కలిసినట్టు ఉంటుంది. దాని కింద లేత గోధుమ రంగు ఇసుక గరప. తడిపి బొటనవేలు చూపుడువేలు మధ్య రిబ్బన్‌లా నొక్కితే అంగుళం కూడా రాకుండా విరిగిపోతుంది, అంటే బంకమన్ను తక్కువ. ఎండలో పెడితే మైకా తళతళలాడుతుంది, బంగారం కాదు. ఆ కింద ముతక ఇసుక, గులకలు, పిడికిలంత రాళ్ళు. ఒక్కోసారి మధ్యలో మళ్ళీ ఒక నల్ల పొర తగులుతుంది, అది ఒకప్పటి పై నేల, ఒక వరద దాని మీద కొత్త మట్టి పోసి కప్పేసింది. కొండలు దగ్గర, వాలు ఎక్కువ, అందుకే ఏరు ఇంత ముతక సరుకు మోసుకొస్తుంది, గోదావరి లంకల్లో తవ్వితే ఇంత పైపైనే రాళ్ళు తగలవు కదా.

స్టెప్ 4: రంగు చదవడం, అసలు పని ఇదే

అక్టోబర్‌లో గుంటలో నీళ్ళు లేకపోవచ్చు, కానీ చలికాలమంతా నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో మట్టి రంగులో ఉండిపోతుంది. ఎలా అంటే, మట్టికి ఆ గోధుమ పసుపు రంగు ఇచ్చేది ఇనుము. నేల నీళ్ళతో నిండితే లోపల గాలి ఆడదు, అక్కడి సూక్ష్మజీవులు ఆక్సిజన్ బదులు ఇనుముని వాడుకుంటాయి, అప్పుడు ఇనుము నీళ్ళలో కరిగి పక్కకి జరిగిపోతుంది, అది పోయిన చోట మట్టి బూడిద రంగుకి వస్తుంది. మళ్ళీ నీళ్ళు దిగి వేర్ల సందుల్లోంచి గాలి వచ్చినప్పుడు కరిగిన ఇనుము అక్కడే తుప్పు పడుతుంది, నారింజ ఎరుపు మచ్చలుగా, వేరు చుట్టూ గీతలుగా కనపడుతుంది. బూడిద మచ్చలూ తుప్పు మచ్చలూ కలిసి ఉన్నాయంటే అక్కడ నీళ్ళు ఎక్కుతూ దిగుతూ ఉంటాయని. మొత్తం బూడిద రంగైపోతే ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడే ఉంటాయని.

టేపు పెట్టి మొదటి బూడిద మచ్చ ఎంత లోతులో ఉందో కొలవండి. కలోవీ లాంటి నేలలో చలికాలం నీటి మట్టం అడుగున్నర నుంచి రెండడుగుల లోతుకి వస్తుంది, మచ్చలు కూడా దాదాపు ఆ లోతులోనే మొదలవుతాయి. పది అంగుళాల్లోపే మచ్చలు మొదలైతే మీరున్నది నిక్వాసీ లాంటి గుంట అయ్యుండొచ్చు. మూడు నాలుగడుగుల దాకా మచ్చే లేకపోతే మీ అదృష్టం.

కంటితో బూడిదా గోధుమా అని గొడవ పడకుండా మన్సెల్ కలర్ బుక్ అని ఉంటుంది, తడి మట్టిని అందులో రంగు చిప్స్ పక్కన పెట్టి చూస్తారు, అందులో పసుపు ఎరుపు కలిసిన రంగుల పేజీ, 10 వైఆర్ అంటారు, సరిపోతుంది ఎక్కువసార్లు. రంగు ఎంత చిక్కగా ఉందో చెప్పే క్రోమా నెంబర్ 2 లేదా అంతకంటే తక్కువ ఉండి, రంగు ఎంత లేతగా ఉందో చెప్పే వాల్యూ 4 లేదా ఎక్కువ ఉంటే అది బూడిద మచ్చ కింద లెక్క. బుక్ ఖరీదెక్కువ, ఒక్క స్థలం కోసం కొనక్కర్లేదు, కాస్త అలవాటైతే కంటికి తెలుస్తుంది.

ఇక్కడ మోసపోయే చోట్లు నాలుగున్నాయి. పై నల్ల పొరలో ఆకులూ వేర్లూ కుళ్ళిన నలుపు మిగతా రంగుల్ని కప్పేస్తుంది, కాబట్టి అక్కడ మచ్చలు లేవని సంబరపడకండి. ఇసుక పొరల్లో ఇసుక రేణువు సొంత రంగే బూడిద, దాన్ని చూసి తడి అనుకోకండి, తుప్పు మచ్చ తోడుగా ఉందా చూడండి. కొత్తగా వరద పోసిన మట్టి అయితే మచ్చలు పడేంత టైం దానికి ఉండదు, హెలీన్ తర్వాత ఇసుక మేట వేసిన చోట్ల పై పొర ఎంత శుభ్రంగా ఉన్నా దాన్ని దాటి పాత పొర దాకా తవ్వి చూడాలి. ఇక ఎప్పుడో కాలవ తీసి నీళ్ళు దించేసిన పొలం అయితే మచ్చలు పాత కథ చెప్తుండొచ్చు, ఇప్పటిది కాకపోవచ్చు, అది తేల్చాలంటే తర్వాతి స్టెప్ ఒక్కటే దారి.

స్టెప్ 5: నీళ్ళు పైనుంచి దిగట్లేదా, కింద నుంచి లేస్తున్నాయా?

మన నల్లరేగడిలో వాన పడితే నీళ్ళు నిలబడతాయి, ఎందుకంటే బంకమన్ను వాటిని దిగనివ్వదు. అదే బుర్రతో ఈ నేలని చూస్తే మొత్తం తప్పుతుంది. ఈ నేలలో నీళ్ళు చాలా స్పీడ్‌గా దిగుతాయి, కింద గులకల పొర అయితే జల్లెడే. మరి తడి ఎందుకంటే కింద పొరలో నీళ్ళు నదితో కలిసే ఉంటాయి, నది మట్టం పెరిగితే ఇక్కడా పెరుగుతాయి, చలికాలం చెట్లకి ఆకులుండవు కాబట్టి నీళ్ళు పీల్చేవాళ్ళు లేరు, వాన ఏడాదంతా పడుతూనే ఉంటుంది, పైన హైలాండ్స్ అనే ఊరి వైపు అయితే ఏడాదికి 80 అంగుళాలకి పైనే, ఆ నీళ్ళన్నీ లోయలోకే రావాలి. కాబట్టి నీళ్ళు నేలలోంచి పైకి లేస్తాయి.

దీన్ని కళ్ళతో చూడాలంటే నాలుగడుగుల పీవీసీ పైపుకి కింద సగం సన్న కంతలు పెట్టి, గుంటలో నిలబెట్టి చుట్టూ ముతక ఇసుక పోయండి, పైన ఒక అడుగు మాత్రం బంకమన్నుతో బిగించండి, లేకపోతే వాన నీళ్ళు పైపు వెంబడే దిగి లెక్క తప్పిస్తాయి. పైన మూత. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా వారానికోసారి ఒక పుల్ల దించి తడి ఎంతవరకు ఉందో రాసుకోండి. పైపులో నీళ్ళు లేకుండా నేల మీద మాత్రం నీళ్ళు నిలబడితే అది వేరే రోగం, ట్రాక్టరో పశువులో తొక్కి పై పొర గట్టిపడింది, దాన్ని దున్ని బాగుచేసుకోవచ్చు. పైపులో నీళ్ళు పైకి వస్తే మాత్రం ఇసుక కలపడం, జిప్సం చల్లడం, లోతుగా దున్నడం ఇవేవీ పనిచెయ్యవు, డబ్బులు దండగ.

స్టెప్ 6: తేలిన దాన్ని బట్టి ఏం చెయ్యాలి

ఇల్లు కట్టాలంటే మొదటి ప్రశ్న సెప్టిక్. నార్త్ కరోలినాలో కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చి మీరు చూసిన ఈ క్రోమా 2 బూడిద రంగులే చూస్తారు, వాటిని నేల తడికి గుర్తుగా తీసుకుంటారు. నీళ్ళు జల్లెడలా దిగే నేల కాబట్టి సెప్టిక్ నీళ్ళు వడకట్టబడకుండా నేరుగా నదిలోకి పోయే భయం ఉంది, అందుకే అంత పట్టుదల. కొనే కాంట్రాక్ట్‌లోనే సెప్టిక్ పర్మిట్ వస్తేనే కొంటాం అని షరతు రాయించుకోండి, బతిమాలినా ఈ మాట వదలొద్దు.

కాలవ తీసి నీళ్ళు లాగేద్దాం అనుకుంటే ఆ కాలవ ఎక్కడికి పోవాలి? నది మట్టం, మీ నేలలో నీటి మట్టం ఒకటే అయినప్పుడు నీళ్ళు పోవడానికి వాలు ఉండదు. పైగా నిక్వాసీ గుంటల్లాంటివి చట్టప్రకారం వెట్‌ల్యాండ్ కింద రావొచ్చు, వాటిని పూడ్చడానికీ తవ్వడానికీ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ పర్మిషన్ కావాల్సి రావొచ్చు, ముందే అడగండి. కొండవారన వచ్చే ఊటని మాత్రం పైనే అడ్డుకుని పక్కకి మళ్ళిస్తే కొంత లాభం ఉంటుంది.

పంటల మాటకొస్తే గడ్డి, మొక్కజొన్న బాగా వస్తాయి, కాకపోతే నేల ఆరే దాకా ఆగి లేటుగా వెయ్యాలి. తడి మీద ట్రాక్టర్ దింపితే ఆ ఏడాదంతా ఏడుపే. లోయలో చల్లగాలి దిగి కూర్చుంటుంది కాబట్టి మే మొదట్లో కూడా మంచు పడొచ్చు, టమాటా మిరప నారు తొందరపడి పెట్టొద్దు, ఎత్తు మడులు కట్టుకుని పెట్టుకోండి. చామదుంప అయితే ఎండాకాలం మహా సంతోషంగా పెరుగుతుంది. ఫ్రేజర్ ఫర్ అని ఆ కొండల్లో క్రిస్మస్ చెట్లు వేసి డబ్బు చేసుకుంటారు, చూసి మీకూ ఆశ పుడుతుంది, ఈ నేలలో మాత్రం వద్దు, తడికి ఫైటాఫ్తోరా వేరు కుళ్ళు వచ్చి చచ్చిపోతాయి. చెట్లే కావాలంటే ఒడ్డున రివర్ బర్చ్, సిక్‌మోర్ వెయ్యండి, వాటి వేర్లు గట్టుని కూడా పట్టుకుంటాయి.

రాష్ట్ర వ్యవసాయ శాఖ ల్యాబ్‌లో మట్టి టెస్ట్ కూడా చేయించుకోండి, చలికాలం నెలలు తప్ప మిగతా ఏడాది ఫ్రీ. కానీ ఆ రిపోర్ట్‌లో ఉండేది ఆమ్లం, భాస్వరం, పొటాష్ లెక్కలు, నీళ్ళ సంగతి అందులో ఒక్క ముక్క ఉండదు, దాన్ని చూపించి నేల సూపర్ అని ఎవరైనా అంటే పైపులో పుల్ల దించి చూపించమనండి.