చైనాలో ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి వెళ్లే ముందు

☐ ముందు పాస్‌పోర్ట్ సంగతి. ఇంగ్లీషు టీచర్‌గా వర్క్ పర్మిట్ మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాల వాళ్లకే ఇస్తారు. మన తెలుగువాళ్లలో అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు దారి సులువే. భారత పాస్‌పోర్ట్‌తో చాలా కష్టం.

☐ వీసా మీద జెడ్ అక్షరం ఉందా? అదే ఉద్యోగ వీసా. "ముందు టూరిస్టు వీసా మీద వచ్చేయండి, దిగాక మార్పిస్తాం" అన్న ఏజెంటుకు అక్కడే దణ్ణం పెట్టేయండి. ఆ వీసాతో పాఠం చెబితే జరిమానా, నిర్బంధం, తిరుగు విమానం దాకా వెళ్లొచ్చు.

☐ డిగ్రీ, పోలీసు క్లియరెన్స్. 2023 నవంబరు 7 నుంచి చైనాలో అపోస్టిల్ (కాగితాలు అసలువేనని సొంత దేశ ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చెల్లుతోంది కాబట్టి అమెరికా కాగితాలకు ఎంబసీ చుట్టూ తిరిగే పని తగ్గింది.

☐ కాంట్రాక్టులో చైనీస్ ప్రతిని తెలిసినవాళ్లతో చదివించుకోండి. పర్మిట్ మీద ఉన్న స్కూల్లోనే చెప్పాలి. శనాదివారాల్లో బయట ట్యూషన్లు వద్దు. డబ్బు ఊరిస్తుంది, నిజమే.

☐ దిగిన 24 గంటల్లో పోలీసుల దగ్గర చిరునామా నమోదు. హోటలైతే వాళ్లే చేస్తారు, ఫ్లాటైతే మీరే వెళ్లాలి. 30 రోజుల్లో రెసిడెన్స్ పర్మిట్‌కు అప్లై చేయాలి.

☐ ఫోన్. అలీపే (డబ్బు కట్టే యాప్), వీచాట్ (చాటింగ్‌కూ, డబ్బు కట్టడానికీ పనికొచ్చే యాప్) ఇంటి దగ్గరే వేసుకుని కార్డు కలపండి. కూరగాయల బండికి కూడా క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతుంది, నోటు ఇస్తే చిల్లర కోసం వెతుక్కుంటారు. అక్కడి నెట్‌లో వాట్సాప్ రాదు, వీచాటేమో ఇండియాలో 2020 నుంచి నిషేధం. అమ్మకు ఫోన్ ఎలా చేయాలో బయల్దేరకముందే తేల్చుకోండి.