నక్షత్రాలు చూసేటప్పుడు టార్చికి ఎర్ర కాగితం

జమ్మలమడుగు దాటి గండికోట వైపు వెళ్తే అమావాస్య రోజుల్లో ఆకాశం నిండా చుక్కలే. కానీ చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఈలోపు పక్కన ఎవరో నీళ్ళ బాటిల్ కోసం ఫోన్ టార్చి వేస్తారు, అంతే, మళ్ళీ మొదటికొచ్చినట్టే.

దీనికి ఖర్చు పెద్దగా లేదు. గిఫ్టులు చుట్టే పారదర్శకమైన ఎర్ర కాగితం ఫ్యాన్సీ షాపులో ఒక షీటు తెచ్చుకుని, చిన్న ముక్క కోసి మూడు నాలుగు మడతలు పెట్టి, ఫోన్ టార్చి మీద రబ్బరు బ్యాండుతో బిగించండి. ఒక్క మడత సరిపోదు, అంచుల్లోంచి తెల్ల వెలుగు వస్తూనే ఉంటుంది. మసక ఎర్ర వెలుతురుకి కళ్ళు అంతగా చెదరవు, బ్యాగులో వస్తువు వెతుక్కోవడానికి అది చాలు. స్క్రీన్ బ్రైట్‌నెస్ కూడా బాగా తగ్గించుకోండి, చాలామంది టార్చి ఆపుతారు గానీ వాట్సాప్ మాత్రం ఆపరు!

కళ్ళు కుదురుకున్నాయో లేదో తెలియాలంటే చలికాలం రాత్రి పిల్లలకోడిని, అంటే కృత్తిక చుక్కల గుంపుని చూడండి. మొదట మసకగా ఒక గుంపులా ఉంటుంది, కాసేపటికి ఆరు చుక్కలు విడివిడిగా లెక్కకొస్తాయి.

ఒక్క జాగ్రత్త. లోయ అంచున గానీ రాళ్ళ మీద గానీ నడిచేటప్పుడు ఈ ఎర్ర వెలుతురుని నమ్మొద్దు, గుంట ఎక్కడుందో సరిగా తెలియదు. అప్పుడు కాగితం తీసేసి మామూలు టార్చి వెలుగు నేల మీద వేసుకుంటూ నడవండి, ఇంకో అరగంట ఆగాల్సొచ్చినా సరే.