కొండనూ సరస్సునూ ఒకే ఫోటోలో పట్టడం ఎలా

సరస్సు ఒడ్డున నిలబడి ఎదుటి కొండను చూసినప్పుడు మన చూపు శిఖరం వైపు వెళ్తుంది, కెమెరా కూడా అటే తిరుగుతుంది. ఫోటో బాగా రావాలంటే ముందు నీటిని చూడడం అలవాటు చేసుకోవాలి. కొండ రేపూ అక్కడే ఉంటుంది, ఎల్లుండీ అక్కడే ఉంటుంది. నీటి పైభాగం మాత్రం నిమిషాల్లో మారిపోతుంది. గాలి, వెలుగు, మనం నిలబడిన చోటు, కెమెరాను ఉంచిన ఎత్తు, ఈ నాలుగింటిని బట్టి అదే నీటిలో ఒకసారి శిఖరం, ఒకసారి ఖాళీ ఆకాశం, మరోసారి అడుగున ఉన్న రాళ్ళు కనిపిస్తాయి. అందుకే ఈ వివరణను నీటి దగ్గర మొదలుపెట్టి కొండ వైపు తీసుకువెళ్తాను.

మొదటిది సమయం. ఎండ వాలుల మీద పడి నేల వేడెక్కిన తరువాత గాలి లోయ నుంచి పైకి ఎగబాకడం మొదలవుతుంది, దానితోపాటే నీటి మీద అలలు లేస్తాయి. తెల్లవారుజామున, ఆ గాలి ఇంకా పుట్టకముందు, చాలా సరస్సులు రోజు మొత్తంలోకీ ఎక్కువ నిశ్చలంగా ఉంటాయి. సూర్యోదయానికి కనీసం నలభై అయిదు నిమిషాల ముందే చోటు చూసుకుని, ట్రైపాడ్ నిలబెట్టి సిద్ధంగా ఉండాలి. తొలి కిరణం ముందు శిఖరాన్ని తాకి, అక్కడి నుంచి మెల్లగా కిందికి దిగుతుంది. సరస్సూ ఒడ్డూ అప్పటికి ఇంకా నీడలోనే ఉంటాయి కనుక నీటి మీద ఎండ మెరుపు ఉండదు, వెలిగిన శిఖరం అందులో స్పష్టంగా నిలుస్తుంది. ఈ అవకాశం కొద్ది నిమిషాలే ఉంటుంది. ఉదయం వెలుగు తూర్పు ముఖంగా ఉన్న వాలుల మీద పడుతుంది కాబట్టి సరస్సుకు తూర్పు ఒడ్డున నిలబడి పడమర వైపు చూసే చోట్లు ఉదయానికీ, దానికి ఎదురు ఒడ్డు సాయంత్రానికీ పనికివస్తాయి. ఫోటోపిల్స్ వంటి యాప్‌లు ఏ రోజున సూర్యుడు ఏ దిక్కున లేస్తాడో మ్యాప్ మీద చూపిస్తాయి. వాటితో ముందు రోజే లెక్క చూసుకున్నా, ఆ చోటుకు పగటి వెలుగులో ఒకసారి నడిచి వెళ్ళి చూడడం మానకూడదు. చీకట్లో తడి రాళ్ళ మీద దారి వెతుక్కోవడం ప్రమాదం.

ఇక నిలబడే చోటు. నీటిలో కనిపించే కొండ ఎంత కాంతిమంతంగా ఉంటుందో చాలావరకు కోణమే నిర్ణయిస్తుంది. చేయి ముందుకు చాచి పిడికిలి బిగించి పట్టుకుంటే దాని ఎత్తు సుమారు 10 డిగ్రీలు ఉంటుంది. ఎదుటి ఒడ్డు గీత నుంచి శిఖరం దాకా ఎన్ని పిడికిళ్ళు పడుతున్నాయో కొలవండి. ఒక పిడికిలి ఎత్తున కనిపించే శిఖరం నుంచి వచ్చిన వెలుగులో దాదాపు 35 శాతాన్ని నిశ్చలమైన నీరు మన వైపు తిప్పి పంపుతుంది. ఒకటిన్నర పిడికిలి అయితే అది 21 శాతానికి పడిపోతుంది. కొండకు మరీ దగ్గరగా వెళ్ళి, శిఖరం కోసం తల ఎత్తి మూడు పిడికిళ్ళ పైకి చూడవలసి వస్తే మిగిలేది 6 శాతమే. కొండ పాదం దగ్గర నిలబడి తీసిన ఫోటోల్లో నీరు నల్లగా, ఖాళీగా కనిపించడానికి ముఖ్య కారణం ఇదే. ప్రతిబింబం కావాలనుకుంటే సరస్సు అవతలి ఒడ్డుకు, కొండకు దూరంగా వెళ్ళడం మేలు. దూరం వల్ల కొండ చిన్నదవుతుందన్న భయం అక్కర్లేదు, ఆ పని లెన్స్ చూసుకుంటుంది.

కెమెరా ఎత్తు విషయం కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఖర్చు లేకుండా ఫోటోను మార్చే అంశం ఇంతకు మించి నాకు తెలియదు. శిఖరం ఒకటిన్నర పిడికిలి ఎత్తున, అంటే 15 డిగ్రీల మీద ఉందనుకుందాం. కెమెరా నీటికి 1.5 మీటర్ల ఎత్తున ఉంటే, ఆ శిఖరం ప్రతిబింబం మనకు సుమారు 5.6 మీటర్ల దూరంలో ఉన్న నీటి మీద కనిపిస్తుంది. ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా విప్పి కెమెరాను 30 సెంటీమీటర్ల ఎత్తుకు దించితే అదే శిఖరం మనకు 1.1 మీటర్ల దూరంలోని నీటిలోకి వచ్చేస్తుంది. సరస్సు నడుమ గాలికి నీరంతా ముడతలు పడిపోయిన ఒక ఉదయం నేను ఈ లెక్కనే నమ్ముకున్నాను. ఒడ్డున రెండు బండల మధ్య గాలి తగలని చిన్న మడుగు ఉంది. వెడల్పు రెండు అడుగులకు మించదు, అంచున నాచు, అడుగున ఒక తెల్లని గులకరాయి. మోకాళ్ళ మీద కూర్చుని, కెమెరాను దాదాపు నీటికి ఆనించినంత కిందికి దించేసరికి ఆ మడుగులో శిఖరం మొత్తం నిలిచింది. గులకరాయి మంచు కొసకు కొంచెం పక్కగా మెరుస్తూ ఉండిపోయింది. గాలి ఉందని వెనుదిరిగే ముందు ఒడ్డు వెంట ఇలాంటి మడుగుల కోసం వెతకాలి.

ప్రతిబింబం కొండకు తలకిందుల నకలు కాదన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. నీటిలో కనిపించేది నీటి మట్టానికి కింద ఉన్న కన్ను చూసినట్టు ఉండే దృశ్యం. అందువల్ల ఒడ్డున ఉన్న చెట్లు నేరుగా చూసినప్పటి కంటే నీటిలో కొండను ఎక్కువగా కప్పేస్తాయి. కెమెరా ఎంత ఎత్తున ఉంటే ఈ తేడా అంత ఎక్కువ. నీటిలో శిఖరం చెట్ల వెనక్కి పోతున్నట్టు కనిపిస్తే కెమెరాను దించాలి, లేదా ఒడ్డు వెంట పక్కకు జరగాలి.

ఫ్రేమును సమంగా పట్టడానికి ఎదుటి ఒడ్డు గీతను నమ్మకూడదు. ఒడ్డు మన నుంచి ఏటవాలుగా దూరమవుతుంటే ఆ గీత ఫోటోలో వాలుగానే పడుతుంది, దాన్ని బలవంతంగా సమం చేస్తే కొండ ఒరిగిపోతుంది. దీనికి నమ్మదగిన గుర్తు శిఖరమూ నీటిలోని దాని కొసా ఒకే నిలువు గీత మీద ఉండడం. అవి రెండూ నిలువుగా కలిస్తే ఫ్రేము సమంగా ఉన్నట్టే. నీరు అద్దంలా ఉన్నప్పుడు ఒడ్డు గీతను నడి మధ్యన ఉంచడంలో తప్పేమీ లేదు. నీటిలో చెప్పుకోదగ్గది ఏదీ లేనప్పుడు మాత్రం ఫ్రేమును సగం సగం చేయడం వల్ల ఫోటో ఎటూ కాకుండా పోతుంది. అలాంటప్పుడు ఒడ్డున ఉన్న ఒక రాయికో, ఒరిగిన మానుకో చోటు ఇచ్చి నీటిని తగ్గించాలి.

వైడ్ లెన్స్, అంటే మిల్లీమీటర్ల సంఖ్య తక్కువగా ఉండి విశాలమైన దృశ్యాన్ని పట్టే లెన్స్, దగ్గరి వస్తువులను పెద్దవి చేసి దూరపు కొండను చిన్నది చేస్తుంది. కళ్ళకు ఆకాశమంత కనిపించిన శిఖరం 16 మిల్లీమీటర్ల లెన్స్‌లో చీమల పుట్టలా మిగలడానికి కారణం ఇదే. ముందు భాగంలో నిజంగా చూపదగినది ఉంటేనే వైడ్ లెన్స్ వాడాలని నా అభిప్రాయం. లేనప్పుడు వెనక్కి వెళ్ళి 70 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో శిఖరాన్నీ నీటిలో దాని కొసనూ మాత్రమే తీయడం మంచిది.

ఫోకస్ గురించీ, అపర్చర్ అనే లెన్స్ లోపలి రంధ్రం గురించీ ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆ రంధ్రాన్ని ఎఫ్ సంఖ్యతో చెబుతారు, సంఖ్య పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య చాలా లెన్స్‌లు బాగా పనిచేస్తాయి, ఎఫ్/22 దాకా మూస్తే కాంతి వివర్తనం వల్ల, అంటే చిన్న రంధ్రం గుండా వెళ్ళే కాంతి చెదరడం వల్ల, ఫోటో మొత్తం మెత్తబడుతుంది. సెన్సర్ 35 మిల్లీమీటర్ల ఫిల్మంత పెద్దదిగా ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్/11 దగ్గర పెట్టి సుమారు 1.8 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, దాదాపు 90 సెంటీమీటర్ల నుంచి దూరపు కొండ దాకా తగినంత స్పష్టంగా వస్తుంది. ప్రతిబింబానికి ఫోకస్ చేయాలంటే నీటి పైభాగానికి కాక కొండ దూరానికే చేయాలి, కాంతి అంత దూరమూ ప్రయాణించే మన దగ్గరికి వస్తుంది. కెమెరా వెలుగుకు ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్‌ఓను 100 దగ్గర ఉంచి, రెండు సెకన్ల టైమర్ పెట్టి, కెమెరాను ముట్టుకోకుండా తీయాలి. ట్రైపాడ్ కాళ్ళు బురదలో ఉంటే అవి దిగబడడం ఆగేదాకా వేచి ఉండాలి.

ఎక్స్‌పోజర్‌లో, అంటే ఫోటోకు ఎంత వెలుగు అందాలో నిర్ణయించడంలో, రెండు చిక్కులు ఉన్నాయి. ఒకటి మంచు. వెలుగును కొలిచే కెమెరా మీటరు దేన్ని చూసినా మధ్యరకం బూడిద రంగుగా చూపాలనుకుంటుంది కనుక ఫ్రేములో మంచు నిండుగా ఉంటే ఫోటో మసకబారుతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒకటి నుంచి రెండు స్టాప్‌ల దాకా పెంచి, వెలుగు ఎలా పరుచుకుందో చూపే హిస్టోగ్రామ్ గ్రాఫు కుడి అంచుకు గుద్దుకోకుండా చూసుకోవాలి. ఒక స్టాప్ పెంచడమంటే వెలుగును రెట్టింపు చేయడం. రెండోది, నీటిలోని కొండ పైనున్న కొండ కంటే ఎప్పుడూ చీకటిగానే ఉంటుంది. పైన చెప్పిన 21 శాతం అంటే రెండు స్టాప్‌లకు కొంచెం పైమాటే. దీనికి పైభాగం ముదురుగా, కిందిభాగం తేటగా ఉండే రెండు స్టాప్‌ల గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ వాడవచ్చు, లేదా రెండు స్టాప్‌ల తేడాతో మూడు ఫోటోలు తీసి తరువాత కలుపుకోవచ్చు. ఏ పద్ధతి ఎంచుకున్నా కెమెరా పట్టిన సమాచారమంతా ఉంచే రా ఫైలుగానే తీయాలి. నీడలోని మంచు నీలంగా కనిపిస్తే కంగారు పడి దాన్ని పూర్తిగా తెల్లగా మార్చవద్దు. ఆ నీడకు వెలుగునిచ్చేది నీలాకాశమే, ఆ చలి ఫోటోలో ఉండాలి.

ఒకే ఒక ఫిల్టర్ కొనగలిగితే పోలరైజర్, అంటే తిప్పుతూ మెరుపును తగ్గించే ఫిల్టర్, కొనాలి, అయితే దాన్ని చివరిదాకా తిప్పాలన్న తొందర వద్దు. నీటిని 37 డిగ్రీల వాలుతో కిందికి చూసినప్పుడు అది ప్రతిబింబాన్ని దాదాపు పూర్తిగా చెరిపేస్తుంది. అడుగున ఉన్న రాళ్ళు కావాలంటే అది వరమే, శిఖరం కావాలంటే నష్టం. అద్దాన్ని మెల్లగా తిప్పుతూ, దగ్గరి నీటిలో రాళ్ళు తేలి, దూరపు నీటిలో శిఖరం నిలిచే చోట ఆపితే రెండూ దక్కుతాయి. సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఆకాశం మీద దీని ప్రభావం ఎక్కువ కాబట్టి వైడ్ లెన్స్‌తో ఆకాశం ఒక వైపు ముదిరి, మరో వైపు పాలిపోతుంది. కెనడాలోని మొరేన్ లేక్ వంటి హిమానీనద సరస్సుల దగ్గర పోలరైజర్ విలువ బాగా తెలుస్తుంది. మంచు ఒరుసుకుపోయిన రాతి పొడి నీటిలో తేలుతూ ఉండడం వల్ల వచ్చే ఆ ఆకుపచ్చ నీలం రంగు, పైమెరుపు తొలగాకే పూర్తిగా బయటపడుతుంది. ఆ రంగు కోసమైతే తెల్లవారుజాము కంటే ఎండ నీటి లోపలికి దిగే పగటి వేళే సరైనది.

పది స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్, అంటే రంగు మార్చని ముదురు అద్దం, వెలుగును దాదాపు వెయ్యో వంతుకు తగ్గించి, సెకనులో అరవయ్యో వంతు ఎక్స్‌పోజర్‌ను పదహారు పదిహేడు సెకన్లకు పెంచుతుంది. అలలు మాయమై నీరు నునుపుగా వస్తుంది కానీ ప్రతిబింబం పదును పోయి నీటిలో కరిగిన రంగులా మిగులుతుంది. గాలి ఆగని రోజున ఇది మంచి దారే, నిశ్చలమైన నీటికి మాత్రం అవసరం లేదు.

దూరపు కొండలు నీలంగా మసకబారడం చాలామందికి నచ్చదు. పక్క నుంచి పడే వెలుగులో వాలుల ముడతలు పైకి తేలి ఆ మసక కొంత తగ్గుతుంది. నలుపు తెలుపులో అయితే నీలాన్ని నేరుగా అణచివేయవచ్చు. 1927లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ కాలిఫోర్నియాలోని యోసెమిటీలో ఉన్న హాఫ్ డోమ్ అనే రాతి కొండను ముందు పసుపు ఫిల్టర్‌తో తీసి, అది తన మనసులో ఉన్న దృశ్యాన్ని ఇవ్వదని గ్రహించి, మిగిలిన ఒక్క ఫోటో ప్లేటు మీద ముదురు ఎరుపు ఫిల్టర్‌తో తీశారు. ఆకాశం దాదాపు నల్లగా మారి రాతి ముఖం ముందుకు వచ్చింది. ఇప్పుడు ఆ పనినే ఎడిటింగ్‌లో నీలం స్లైడర్‌ను కిందికి దించి చేయవచ్చు, అయితే మరీ దించితే ఆకాశంలో రవ్వల్లాంటి చుక్కలు కనిపిస్తాయి.

చలిలో బ్యాటరీ తొందరగా డీలా పడుతుంది కనుక అదనపు బ్యాటరీని ఒంటికి ఆనే జేబులో ఉంచుకోవాలి. బయటి చలి నుంచి వెచ్చని గదిలోకి వచ్చే ముందు కెమెరాను సంచిలో గట్టిగా మూసి, గది వేడికి అలవాటు పడేదాకా తెరవకపోతే లోపల తేమ పట్టదు.

ఇంటికి వచ్చి ఫోటోను సరిదిద్దేటప్పుడు నీటిలోని కొండను పైనున్న కొండ కంటే వెలుగుగా చేయకూడదు. చూసేవారు కారణం చెప్పలేకపోయినా వారి కన్ను దాన్ని ఒప్పుకోదు. నేను నీటి భాగాన్ని పైభాగం కంటే అర స్టాప్ నుంచి ఒక స్టాప్ తక్కువగా ఉంచి, ఫోటోను తలకిందులుగా తిప్పి మరొకసారి చూస్తాను. అప్పుడు నీరు ఏదో, కొండ ఏదో వెంటనే తెలియాలి. తెలియకపోతే నీటి వెలుగును ఇంకొంచెం తగ్గిస్తాను.