డబ్ల్యూడీజీ-4 మొరాయిస్తోందా? రీసెట్ నొక్కే ముందు చూడవలసినవి

కాజీపేట, రామగుండం ప్రాంతాల్లో డీజిల్ లోకోల మీద కొత్తగా పనికి ఎక్కిన అసిస్టెంట్ లోకో పైలట్ల కోసం ఇది రాస్తున్నాను. గూడ్సు బండ్లు లాగే డీజిల్ లోకో డబ్ల్యూడీజీ-4లో ఉన్నది 710 రకం ఇంజిన్: 16 సిలిండర్లు, రెండు స్ట్రోకులు, 4000 హార్స్‌పవర్. నాలుగు స్ట్రోకుల పాత ఆల్కో లోకోల అలవాటుతో దీన్ని చూస్తే పొరబడతాం.

సమస్య: నాచ్ (ఇంజిన్ శక్తిని పెంచే మెట్టు) పెంచినా బలం రాదు, ఇంజిన్ తడబడుతుంది.

ముందుగా ఇంధన ఫిల్టరు మీదున్న రెండు గాజులు చూడండి. ఇంజిన్ వైపు గాజు నిండుగా, తేటగా ఉండాలి. రెండోది ఖాళీగా ఉండాలి. రెండోదాంట్లో డీజిల్ కనిపిస్తే ఫిల్టర్లు పూడుకుపోయాయి, మార్చాల్సిందే. మొదటిదాంట్లో బుడగలు వస్తుంటే పంపు గాలి పీలుస్తోంది. ట్యాంకు నుంచి పంపు దాకా ప్రతి జాయింటునూ చేత్తో తడిమి చూడండి. ఒకసారి జమ్మికుంట దగ్గర ఆవగింజంత బుడగలు వరసగా పైకి రావడం చూశాను. స్ట్రెయినరు (పంపుకు ముందుండే జల్లెడ) మూత కింద గ్యాస్కెట్ మడతపడింది. సరిచేసి బిగించగానే గాజు తేటపడింది. ఆ గాజు చూడకపోయి ఉంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లను అనుమానిస్తూ గంటలు గడిపేవాళ్లం.

సమస్య: ఇంజిన్ దానంతట అదే ఆగింది, రక్షణ పరికరం బటన్ బయటికి వచ్చింది.

ఏ బటనో చూడండి. ఇంజిన్‌ను చల్లబరిచే నీటిదైతే నీటిమట్టం చూసి, సరిపడా ఉంటే రీసెట్ చేయవచ్చు. క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు భాగపు పెట్టె) పీడనం బటనైతే మాత్రం చేయి వెనక్కి తీసుకోండి. పిస్టన్ రింగు విరిగి ఉండవచ్చు, బేరింగు కాలిపోయి ఉండవచ్చు. లోపల వేడెక్కిన నూనె ఆవిరి నిండి ఉంటుంది. మూత తీస్తే గాలి తగిలి పేలవచ్చు. కనీసం రెండు గంటలు చల్లారనివ్వాలి. కారణం తేలకుండా మళ్లీ స్టార్ట్ చేయకూడదు. వెనక బండ్లు ఆగిపోయాయని కంట్రోల్ నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా సరే, సహాయ ఇంజిన్ అడగండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

సమస్య: పొగ.

లోడులో నల్లపొగ ఆగకుండా వస్తే గాలి ఫిల్టర్లు చూడండి. బొగ్గు సైడింగుల్లో తిరిగే లోకోలకు ధూళి తొందరగా పట్టేస్తుంది. అవి శుభ్రంగా ఉంటే అనుమానం ఇంజెక్టర్ల మీదికి పోవాలి. చాలాసేపు ఐడిల్‌లో (లోడు లేకుండా ఇంజిన్ నడుస్తూ) నిలిచాక నీలిపొగ వస్తే, పొగగొట్టంలో నూనె చేరిందన్నమాట. ఒక్కసారిగా ఎనిమిదో నాచ్‌కు పోతే మంట లేస్తుంది. నెమ్మదిగా, ఒక్కొక్క నాచే పెంచండి.

సమస్య: ఇంజిన్ ఆపినా లోపల ఏదో మోటారు తిరుగుతోంది.

ఇది లోపం కాదు. వేడి మీదున్న టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే యంత్రం) బేరింగులకు నూనె అందించే చిన్న పంపు అది. అరగంటకు పైగా తిరిగి ఆగుతుంది. ఆ చప్పుడు ఆగేదాకా బ్యాటరీ స్విచ్ తీయకండి.