కారు బ్యాటరీ కొనేముందు: మీ బండికి ఏ రకం కావాలో తెలుసుకోవడం ఎలా?

పొద్దున్నే తాళం తిప్పితే సెల్ఫ్ టకటకమని ఊరుకుందా? వెంటనే షాపుకు పరిగెత్తకండి. బానెట్ ఎత్తి, బ్యాటరీ మీది స్టిక్కరు ఫోటో తీయండి.

చిన్న పెట్రోల్ కార్లలో తరచూ కనిపించే కోడ్ 38బీ20ఎల్. ఇందులో 38ని చాలామంది ఆంపియర్ అవర్స్ (ఏహెచ్, బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) అనుకుంటారు. కాదు, అది పనితీరు స్థాయి. ఈ బ్యాటరీని మన దగ్గర 35 ఏహెచ్‌గా అమ్ముతారు. బీ అంటే వెడల్పు, ఎత్తుల సైజు. 20 అంటే పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. చివర ఎల్ లేదా ఆర్ టెర్మినళ్లు ఎటువైపు ఉన్నాయో చెబుతుంది. అది మారితే కేబుల్ అందక తిప్పలే.

తర్వాత, సిగ్నల్ దగ్గర మీ ఇంజిన్ తనంతట తానే ఆగి మళ్లీ లేస్తుందేమో గమనించండి. లేస్తుంటే మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ పనికిరాదు. రోజుకు ఎన్నోసార్లు స్టార్ట్ చేయాలి కాబట్టి ఇలాంటి బండికి ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ వేస్తారు. ఈఎఫ్‌బీలో ప్లేట్లు గట్టివి; ఏజీఎంలో యాసిడ్‌ను గాజు నార పీల్చి పట్టి ఉంచుతుంది. కోడ్ కూడా ఎన్55, క్యూ85 అన్నట్టుంటుంది. "సైజు సరిపోయింది కదా సార్" అన్న మాట నమ్మి, మా బండికి నేను మామూలుదే వేయించాను. వెయ్యి రూపాయలు మిగిలాయన్న సంతోషం ఎనిమిది నెలలే. కంపెనీ నుంచి ఏజీఎం వస్తే మళ్లీ ఏజీఎమ్మే వేయాలి.

ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారూ ఉండే హైబ్రిడ్ అయితే బ్యాటరీలు రెండు. బండిని నడిపించే పెద్దది ఇన్నోవా హైక్రాస్‌లో నికెల్ మెటల్ హైడ్రైడ్, హోండా సిటీ హైబ్రిడ్‌లో లిథియం అయాన్. దాని జోలికి పోవద్దు; నారింజ రంగు కేబుళ్లను అసలు ముట్టుకోవద్దు. సీటు దగ్గర దానికి గాలి వెళ్లే జాలీ ఉంటే సంచులు అడ్డం పెట్టకండి. రెండోది 12 వోల్టుల చిన్నది. ఇది చచ్చిపోతే కంప్యూటర్లు మేలుకోవు, 'రెడీ' లైటు వెలగదు. లక్షల ఖర్చు వచ్చిపడిందని కంగారు పడేది ఇక్కడే. ముందు చిన్నదాన్ని చూపించండి.

బ్యాటరీ పోయిందో, చార్జే దిగిందో తేల్చడానికి మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. పెట్రోల్ కారు ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు 14 దరిదాపుల్లో చూపాలి. 13 కూడా దాటకపోతే అనుమానం బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ మీద.

విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ ముందు విప్పబోతే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. టెర్మినల్ మీద తెల్లని పొడి పేరుకుంటే వంట సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించండి.

పాతదాన్ని షాపులోనే ఇవ్వండి. సీసానికి విలువుంది, బిల్లులో తగ్గిస్తారు. వారంటీ కార్డు మీద తేదీ, సీరియల్ నంబరు రాయించుకున్నాకే బండి తీయండి.